నొప్పి లేదని ఊరుకోవద్దు

వైద్యుడు పదవీ విరమణ చేసినా కొందరు రోగులు అతని మనసును విడిచిపోరు. నా విషయంలో అలాంటివాడు నాగావళి ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి వచ్చిన రైతు. అప్పట్లో నేను విజయనగరం జిల్లాలో పనిచేస్తున్నాను. అతనికి యాభై దాటాయి.

"నొప్పి నేదు డాట్రుబాబూ. దొడ్డికెల్లినప్పుడు కొంచెం నెత్తురు పడతంది, అంతే" అన్నాడు.

ఓపీ గది బయట పెద్ద వరుస ఉంది. లోపల మరో ఇద్దరు నిలబడి ఉన్నారు. అతడు సిగ్గుపడ్డాడు, నేను తొందరపడ్డాను. వేలితో మలద్వార పరీక్ష చేయకుండానే మొలలని నిర్ణయించి చీటీ రాసి పంపించాను. ఏడు నెలల తర్వాత అతడు బక్కచిక్కి, కడుపు ఉబ్బి తిరిగి వచ్చాడు. ఈసారి వేలికి గట్టి గడ్డ తగిలింది. విశాఖపట్నం పంపేసరికే వ్యాధి కాలేయానికి పాకింది. మరుసటి సంక్రాంతికి అతడు లేడు. ఆ తప్పు నాది. ఒక్క నిమిషం పట్టే పరీక్షను నేను చేయలేదు.

"నొప్పి లేదు" అన్న అతని మాట మాత్రం అబద్ధం కాదు. మన చర్మంలో ఉన్నట్లుగా పెద్దప్రేగు లోపలి పొరలో నొప్పిని తెలిపే నాడులు ఉండవు. ప్రేగు సాగితే బాధ తెలుస్తుంది కానీ, పొరపై పుండు పడినా గడ్డ పెరిగినా చాలాకాలం తెలియదు. అలాగని ప్రేగులో నాడులే లేవనుకోకూడదు. దాని గోడలో కోట్లాది నాడీకణాల అల్లిక ఉంది. ఆహారాన్ని ముందుకు నెట్టే కదలికలను నడిపించేది అదే.

ఆ నాడీకణాలలో పనిచేసే ఒక జన్యువు పేరు ఎన్‌డీఆర్‌జీ4. మెదడులోనూ గుండెలోనూ కూడా దీనికి పని ఉంది. పెద్దప్రేగు క్యాన్సర్ కణాలలో ఈ జన్యువు ఆరంభ భాగం మీద మిథైల్ అనే రసాయన ముద్రలు పేరుకుంటాయి. తలుపుకు తాళం వేసినట్లు అవి జన్యువును మూసివేస్తాయి. గడ్డ నుంచి రాలిన కణాలు మలంలో కలిసినప్పుడు వాటితోపాటు ఈ ముద్రలూ బయటికి వస్తాయి. నాడులు చెప్పని కబురును నాడులకు చెందిన జన్యువు ఇలా చెబుతోంది. ఈ జన్యువు లేని ఎలుకల ప్రేగులలో గడ్డలు ఎక్కువగా పెరిగినట్లు 2021లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. అంటే చుట్టూ ఉన్న నాడులకు కూడా వ్యాధి పెరుగుదలలో పాత్ర ఉందన్నమాట.

ఈ ముద్రను, మరికొన్ని జన్యు గుర్తులను, మలంలోని కంటికి కనిపించని రక్తాన్ని కలిపి చూసే కోలోగార్డ్ అనే పరీక్షకు అమెరికాలో 2014లో అనుమతి లభించింది. దాదాపు పదివేల మందిపై జరిపిన అధ్యయనంలో అది నూటికి 92 క్యాన్సర్లను పట్టుకుంది. కేవలం రక్తాన్ని వెతికే పరీక్ష పట్టుకున్నవి 74. అయితే క్యాన్సర్ గానీ, దానికి ముందు వచ్చే ముదిరిన గడ్డలు గానీ లేనివారిలో నూటికి సుమారు 13 మందికి ఇది పొరపాటుగా అనుమానం చూపింది. కాబట్టి ఫలితం ఏదైనా తేడాగా వస్తే కొలనోస్కోపీ తప్పదు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. ఇలాంటి పరీక్షలు ఏ లక్షణమూ లేనివారి కోసం. రక్తం కనిపించినవారు వీటి కోసం ఎదురుచూడకూడదు, నేరుగా వైద్యుని దగ్గరకు వెళ్లాలి. మన దేశంలో ముప్పై దాటినవారికి ప్రభుత్వం నిర్వహించే క్యాన్సర్ ముందస్తు పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారాలకే పరిమితం. పెద్దప్రేగు విషయంలో మన జాగ్రత్త మనదే.

మలంలో రక్తం, కొత్తగా మొదలైన మలబద్ధకం లేదా విరేచనాలు, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం వంటివి కనిపిస్తే పసరు మందులతో నెలలు గడపకండి. తల్లిదండ్రులకో, తోడబుట్టినవారికో ఈ వ్యాధి వచ్చి ఉంటే, బాగానే ఉన్నా నలభై ఏళ్లకే వైద్యునితో మాట్లాడండి. శ్రీకాకుళం, విజయనగరం వారికి విశాఖలో కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

వైద్యుడు తొందరలో ఉంటే, "ఒకసారి పరీక్ష చేసి చూడండి" అని మీరే అడగండి. ఆనాడు ఆ రైతు అలా అడిగి ఉంటే నేను కాదనేవాణ్ణి కాదు. అడగకపోయినా చేయవలసినవాణ్ణి.