తాజమహలులో మా పిల్ల యడిగిన ప్రశ్న



గడచిన శీతకాలమున మావారును, నేనును, మా అక్క కూతురును ఆగ్రాకు పోయి తాజమహలును దర్శించితిమి. అక్క యీ బిడ్డను కని, పురిటిలోనే కన్నుమూసినది. నాటినుండి పిల్ల మాయింటనే పెరుగుచున్నది. ఇప్పుడు దానికి పదునొకండేండ్లు. బంధువులలో కొందరు పెద్దలు దానిని చూచి "తల్లిని మ్రింగినది" అనుట కలదు. పెద్దలతో వాదమెందుకని నే నూరకుండెడిదానను.

ద్వారముకడ నొక మార్గదర్శిని, ఒక ఛాయాచిత్రకారుని కుదుర్చుకొంటిమి. మార్గదర్శి మంచి మాటకారి. నాలుగు మినారులును కొంచెము వెలుపలికి వాలియుండుట చూపి, కూలినను గుమ్మటముపై పడకుండుట కట్లు కట్టిరని చెప్పెను. పనివారి చేతులు నరికించిరన్న కథయు చెప్పెను. దాని కాధారము లేదని, బడిపంతులగు మావారు నాతో మెల్లగా ననిరి. ఛాయాచిత్రకారుడు మావారిచేత చేయెత్తించి, గుమ్మటపు కొనను వ్రేళ్ళతో పట్టుకొన్నట్లు పటము తీసెను. అందరమును నవ్వుకొంటిమి.

పిదప మార్గదర్శి షాజహాను ప్రేమను వర్ణించుచు, ముంతాజు 1631లో బుర్హానుపురమున పదునాలుగవ కాన్పులో మరణించినదని యొక్క మాటలో చెప్పి ముందునకు సాగెను. పిల్ల నా కొంగు పట్టుకొని, "పిన్నీ, ఆ పాప యేమైనది?" అని యడిగినది.

మార్గదర్శి తెల్లబోయెను. మావారు, "బ్రతికినదమ్మా. పేరు గౌహరారా. డెబ్బదియేండ్లు దాటి జీవించినది" అనిరి.

"ఆమెను గూడ ఆ మాట అనిరా?"

నా కంఠము పూడుకొనిపోయినది.

లోపల పటములు తీయరాదు. నడుమ ముంతాజు సమాధి, ప్రక్కన 1666లో మరణించిన షాజహాను సమాధి. పైన గనబడునవి గుర్తులు మాత్రమే. దేహములు క్రింది నేలమాళిగలో నున్నవి. ఆమె కన్న పదునలుగురిలో ఏడుగురే పెరిగి పెద్దవారైరి. ఇరువది యేండ్లకు పైగా ఇంతటి కట్టడము కట్టింపగలిగిన చక్రవర్తి, భార్యను కాన్పుగండము దాటింపలేకపోయెను. అచ్చటనే పిల్లతో, "తల్లిని తీసికొనిపోయినది గండమమ్మా, బిడ్డ కాదు" అంటిని. ఈ మాట చెప్పుటకు నాకు పదునొకండేండ్లు పట్టినది.

వెలుపల ఛాయాచిత్రకారుడు పిల్లనుగూడ గుమ్మటము పట్టుకొమ్మనెను. అది యొల్లక, నా చేయి పట్టుకొని నిలిచినది. ఆ పటమును మా పుట్టింట అక్క పటము ప్రక్కన తగిలించితిమి.

ఇకమీదట ఆ మాట యెవరన్నను నే నూరకుండను. మీ యిండ్లలో నట్టి బిడ్డ యున్నచో, మీరును ఊరకుండవలదు.