ఆకురాయి నేర్పిన పాఠం

ఉన్నదానితో తృప్తి చెందకపోవడం యౌవన లక్షణం. ఆ లక్షణం మాలో కొంచెం అధికంగానే ఉండేది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి గార్డెన్ రీచ్‌లో ఒకే గదిలో కాపురమున్న సహోద్యోగులం మేమిద్దరం. 1994లో పొదుపు సొమ్ము కలిపి ఒక పాత యమహా ఆర్‌ఎక్స్ 100 కొన్నాము. 98 సి.సి. ఇంజను, 11 అశ్వశక్తి. కొన్నాళ్లకే ఆ శక్తి మాకు చాలదనిపించింది.

నిత్యం ఇంజన్ల మధ్య పనిచేసేవారమన్న ధీమాతో మార్పులకు మేమే పూనుకొన్నాము. సిలిండరులో పొగ వెలువడే ద్వారాన్ని ఆకురాయితో పైకి అరగదీశాము. హెడ్డు అడుగుభాగాన్ని లేతు మీద పలుచగా తీయించి కంప్రెషన్ పెంచాము. కార్బురేటరు జెట్టును మాత్రం మార్చలేదు. ఆదివారం ఉదయం ఖాళీ రోడ్డు మీద బండి దూసుకుపోతుంటే మా ఆనందానికి అవధులు లేవు.

సోమవారం నిజం తెలిసివచ్చింది. ఆ ద్వారం పైకి జరిగితే వాయువులు పిస్టనును పూర్తిగా నెట్టకముందే బయటపడతాయి. అందువల్ల ఇంజను జోరుగా తిరిగేటప్పుడు శక్తి పెరిగినా, నెమ్మదిగా తిరిగేటప్పుడు లాగే బలం తగ్గిపోతుంది. గార్డెన్ రీచ్ రోడ్డులో లారీల వెనుక పాకే బండికి కావలసినది ఆ రెండవ బలమే! ఖిదిర్‌పూర్ డాక్ వంతెన వద్ద ఆగి మళ్లీ కదలాలంటే ఇంజనును మోతెక్కించవలసి వచ్చేది. పెట్రోలు ఖర్చూ పెరిగింది.

అయినా మేము మేలుకోలేదు. ఒక మధ్యాహ్నం, 1992లో ప్రారంభమైన విద్యాసాగర్ సేతువు మీద బండిని పూర్తి వేగంతో నడిపాము. పెరిగిన శక్తికి తగిన ఇంధనం అందక ఇంజను మితిమీరి వేడెక్కింది. పిస్టను సీజయి వెనుక చక్రం బిగుసుకుపోయింది. వెనుక లారీ వస్తున్నది. మాలో ఒకరు క్లచ్చి నొక్కగా చక్రం విడివడి, బండి జారుతూ అంచుకు చేరింది. చాలాసేపటి వరకు మా ఇద్దరికీ మాట పెగలలేదు.

ఖిదిర్‌పూర్‌లోని వృద్ధ మిస్త్రీ సిలిండరును వెలుతురుకెత్తి చూసి, “బోరు చేయవచ్చు బాబూ, కాని ఆకురాయి తిన్న లోహాన్ని ఎవరు తిరిగి ఇస్తారు?” అన్నాడు. కొత్త సిలిండరు, పిస్టను, హెడ్డు కొనక తప్పలేదు. ఆ నెల ఇద్దరమూ ఇంటికి మనియార్డరు పంపలేకపోయాము. కారణం మాత్రం ఇంట్లో చెప్పలేదు.

నౌకా ఇంజనుకు నిరంతరం ఇవ్వదగిన శక్తి వేరు, పరీక్షలో కొద్దిసేపు ఇచ్చే అధికశక్తి వేరు. ఈ భేదం మాకు పనిలో తెలుసు, సొంత బండి దగ్గర మరచిపోయాము. ఇంజనులో వాడకుండా మిగిల్చిన శక్తి వృథా కాదనీ, అదే దాని ఆయుష్షు అనీ అప్పుడు గ్రహించాము. వాహనాల మార్పులకు 1988 మోటారు వాహనాల చట్టం హద్దులు విధించింది. మాకు చట్టం కంటే ముందు సేతువే బుద్ధి చెప్పింది.

నేడు మా పిల్లలు బండ్లకు మార్పులు చేయిస్తామంటే మేము కోప్పడము. బల్ల సొరుగులో దాచిన ఆ పాత పిస్టనును తీసి, దాని మీది గీతలను చూపిస్తాము.