ముందు ఇటుక, వెనక కొయ్య

వేల్స్ సరిహద్దుకు దగ్గర్లో, పదివేల పైచిలుకు జనాభా ఉన్న ఇంగ్లండు సంత ఊరు లడ్లో. అక్కడి బ్రాడ్ స్ట్రీట్ అందం గురించి చాలామంది చెప్పగా విని చూడటానికి వెళ్లాను.

వీధి పై కొసన బటర్‌క్రాస్ ఉంది. 1740లలో కట్టిన రాతి మండపం. కింద కమానుల నీడలో వెన్న అమ్మేవారు, పై గదిలో పేద పిల్లల బడి నడిచేది. అక్కణ్ణుంచి వీధి దక్షిణానికి వాలుగా దిగి బ్రాడ్ గేట్ దగ్గర ఆగుతుంది. ఊరి చుట్టూ ఉన్న పాత ప్రాకారానికి ఏడు ప్రధాన ద్వారాలుండేవి, నిలిచింది ఇదొక్కటే. దాని నెత్తిన ఇల్లు కట్టేశారు, కింద నుంచి కార్లు పోతున్నాయి!

రెండు పక్కలా ఇటుక గోడలు, వరుస తప్పని తెల్ల కిటికీలు. ఇదంతా 18వ శతాబ్దపు కట్టడమే అనుకున్నాను. పక్కనున్న రేవెన్ లేన్ వైపు తిరిగి పెరళ్లలోకి తొంగి చూస్తే సంగతి వేరు. చాలా ఇళ్లు అంతకు ఎన్నో తరాల ముందు కొయ్య చట్రాలతో కట్టినవి. పెళ్లికి వీధి గోడకు మాత్రమే సున్నం వేయించినట్టు, డబ్బున్నవాళ్లు ముందువైపు ఇటుక తొడిగించారు.

ఆ డబ్బు ఊరికే రాలేదు. వేల్స్‌నూ సరిహద్దు జిల్లాలనూ ఏలే మండలి 1689 దాకా ఇక్కడి కోటలోనే కొలువుండేది. దాని చుట్టూ వకీళ్లు, గుమాస్తాలు, వ్యాజ్యాలకు వచ్చేవాళ్లు. అది రద్దయ్యాక చుట్టుపక్కల భూస్వాములు ఊళ్లో ఇళ్లు పెట్టుకున్నారు. తర్వాత చేతి తొడుగుల పని ఊపందుకుంది. కుట్టేది ఎక్కువగా ఆడవాళ్లు, ఇళ్లలోనే. 1826లో ఫ్రెంచి తొడుగుల దిగుమతికి తలుపులు తెరవడంతో ఆ పని దెబ్బతింది.

ఈ వీధిలో ఒకప్పుడు ఏ ఇంట్లో ఎవరుండేవారో వివరంగా తెలియడానికి ఒక కారణం పామర్స్ గిల్డ్ అనే పాత భక్తసంఘం. దానికి ఊళ్లో బోలెడు ఇళ్లుండేవి, అద్దెల లెక్కలు రాసి పెట్టుకుంది. చరిత్రకారుడికి శాసనం కన్నా అద్దె చిట్టాయే ఎక్కువ ఉపయోగమని నాకెప్పుడూ అనిపిస్తుంది.

పర్యాటకులు గేటు దగ్గరే వెనక్కి తిరుగుతున్నారు. నాకు మాత్రం దాన్ని దాటి టీమ్ నది దాకా దిగే లోవర్ బ్రాడ్ స్ట్రీటే నచ్చింది. ప్రాకారం బయటి వీధి కాబట్టి దెబ్బలు దీనికే. 1640ల అంతర్యుద్ధంలో, ముట్టడించే సైన్యానికి చాటు దొరక్కూడదని గోడ బయటి పేటలను ఊరిని కాపాడుతున్న పక్షమే తగలబెట్టింది.

మళ్లీ పైకెక్కి కోట వైపు నడిచాను. ఈ కోటకు మా ఊరితో ఒక ముడి ఉంది. ప్లాసీ యుద్ధం గెలిచిన రాబర్ట్ క్లైవ్ పెద్దకొడుకు ఎడ్వర్డ్ 1774 నుంచి 1794 దాకా లడ్లో తరఫున పార్లమెంటు సభ్యుడు. 1798లో మద్రాసు గవర్నరయ్యాడు. 1800లో నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించి, అవి దత్తమండలాలైనప్పుడు ఆ పీఠం మీదున్నది ఈయనే. తిరిగొచ్చి పోవిస్ ప్రభువై, 1811లో శిథిలమైన ఈ కోటను కొన్నాడు. నేటికీ అది ఆ ఎస్టేటుదే. అనంతపురం వాణ్ణి కదా, కాస్త నవ్వొచ్చింది. టికెట్టు కొనుక్కునే లోపలికి వెళ్లాను.