కొండవీటి యాత్ర

ఆశ్వయుజమున వానలు వెనుకపట్టగానే, దసరా సెలవులలో మేము యువజన సంఘపు బాలురతో గుంటూరునుండి సైకిళ్లపై కొండవీటికి బయలుదేరితిమి. దారిపొడుగునను పాటలు, పందెములు. ఒక బాలుని సైకిలుగొలుసు మాటిమాటికి జారుచుండెను. తరగతిలోను వెనుకబడువాడే. “ఇందులోనైనను ముందుండరాదా!” యని యెల్లరయెదుట హాస్యమాడితిమి. అతడు నవ్వలేదు.

రెడ్డిరాజుల రాజధానియై, 1515లో శ్రీకృష్ణదేవరాయలకు లోబడిన దుర్గమది. కాలిబాట నెక్కుచుండగా, నలుబది దాటిన మా మోకాళ్లకు రాయల సైన్యముపై గౌరవము హెచ్చినది. సగము దారిలో బండపై చతికిలబడితిమి. బాలురు కేకలిడుచు పైకేగిరి. ఆ బాలుడొక్కడే మరలివచ్చి, తన మరచెంబు మా చేతికిచ్చి, “మెల్లగా పోదాము, మాస్టారూ” అనెను. కొండపైని చెరువుల చెంతకు మేమిరువురము కడపట చేరితిమి.

తిరుగుదారిని, ఆడిన మాటకు క్షమింపుమని యడుగ నోరాడలేదు. గొలుసు జారినపుడెల్ల మేమే దిగి యెక్కించితిమి.