కండక్టరు మొక్కు, డ్రైవరు బీపీ

మా జనానికి దేవుడి దగ్గర బాకీ పడటం గిట్టదు. తలనీలాలు మొక్కుకున్నవాడు అప్పు చేసైనా కొండకెళ్లి ఇచ్చొస్తాడు. పొర్లుదండాలు పెడతానన్న ఆవిడ నడుం పట్టేసినా పెట్టి తీరుతుంది. అదే మనుషులు రోజుకొక్క బీపీ మాత్ర వేసుకోమని రాసిచ్చిన చీటీని మాత్రం నెల తిరక్కుండా ఎగ్గొడతారు. ఏమయ్యా అంటే సమాధానాలు నాలుక చివరే ఉంటాయి. "నార్మల్‌కొచ్చింది గదా సార్." "తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఇంకెందుకు?" "మొదలుపెడితే అలవాటైపోతాయంట." "కిడ్నీలు పోతాయంట." ఆ 'అంట' ఎవరిదని అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు. ఉప్పు పూర్తిగా మానేశానని గర్వంగా చెప్పిన ఒకాయన్ని కాస్త గుచ్చి అడిగితే, ఊరగాయ లేనిదే ముద్ద దిగదని తేలింది. ఊరగాయ ఆయన లెక్కలో ఉప్పు కాదు!

నార్మల్‌కొచ్చింది మాత్ర వల్లనయ్యా. మాత్ర ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. కొన్ని రకాల మందులు ఒక్కసారిగా ఆపితే అంతకు ముందుకంటే ఎక్కువకు ఎగబాకుతుంది కూడా. నొప్పి పుట్టకపోవడమే బీపీ చేసే మోసం. చప్పుడు లేకుండా రక్తనాళాలు గట్టిపడతాయి, గుండె కండరం మందమవుతుంది, కిడ్నీలు మచ్చలు పడి ఎండిపోతాయి. కిడ్నీలు తినేసేది అదుపులో లేని బీపీ. నింద మోసేది మాత్ర.

ఇదంతా ఒక డ్రైవరు, ఒక కండక్టరు కోసం రాస్తున్నాను. ఆర్టీసీలో ఏళ్ల తరబడి ఒకే సర్వీసు మీద తిరిగిన జంట. రిటైరయ్యాక బీపీ చూపించుకోవడానికి నా దగ్గరికి కూడా జంటగానే వచ్చేవాళ్లు. ఒకరి చేతికి పట్టీ కడుతుంటే ఇంకొకరు పక్కనుంచి వ్యాఖ్యానం చేసేవారు. కండక్టరు గారు కొన్నాళ్లు మాత్రలు వాడారు. బీపీ దిగింది. దాంతోపాటు ఆయనా దిగిపోయారు, మళ్లీ కనబడలేదు.

ఒక తెల్లవారుజామున ఆయన మూతి పక్కకు పోయింది, కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. ఇంట్లోవాళ్లు వెంటనే ఆటో పిలిచారు. ఆ ఆటో పోయింది ఆస్పత్రికి కాదు, పక్షవాతానికి పసరు పోసే ఊరికి. పక్షవాతంలో కాలూ చెయ్యే కాదు, మింగే శక్తి కూడా పోవచ్చు. అలాంటి మనిషి నోట్లో పోసింది పసరైనా, కాఫీ అయినా, తీర్థమైనా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే, 4.5 గంటల్లోపు వచ్చినవాళ్లలో తగినవారికి దాన్ని కరిగించే ఇంజక్షన్ ఇవ్వొచ్చు. రక్తనాళం చిట్లితే వైద్యం వేరు. ఏదన్నది స్కాను తీస్తేనే తెలుస్తుంది. ఈయనకు స్కాను తీసేసరికి పొద్దు వాలింది. గడ్డే. ఇంజక్షన్ వేళ ఎప్పుడో దాటిపోయింది. తర్వాత న్యుమోనియా పట్టుకుంది, మనిషి దక్కలేదు.

దినాలయ్యాక డ్రైవరు గారు ఒక్కరే వచ్చారు. చేతిసంచీలోంచి పసుపుగుడ్డ ముడుపు తీసి బల్ల మీద పెట్టారు. పట్టుకుంటే బరువుగా ఉంది. కండక్టరు కట్టిన ముడుపు కదా, అంతా చిల్లరే! చిన్నకూతురి పెళ్లయితే అలిపిరి మెట్లెక్కి వస్తానని మొక్కారట. పెళ్లయింది, మనవడు కూడా పుట్టాడు, మొక్కు అలాగే ఉండిపోయింది. "వాడి తరఫున నేనెక్కుతా సార్. ఎక్కొచ్చా?" అన్నారు.

దేవుడి గూట్లో ముడుపు పక్కనే దొరికిందంటూ ఇంకోటి కూడా తీశారు. బీపీ మాత్రల షీటు. నాలుగు గుంటలు ఖాళీ, మిగతావి నిండుగానే ఉన్నాయి. తిప్పి చూశాను. మాత్రలకు ఇంకా గడువుంది.

డ్రైవరు గారి చేతికి పట్టీ కట్టాను. 180/110.

"మీరైనా వేసుకుంటున్నారా?"

"వాడు మానేశాక నేనొక్కణ్ణే ఎందుకులే అనీ..."

నాకు ఒళ్లు మండింది. సినిమాకు తోడు కావాలంటే అర్థముంది, మాత్ర మానడానికి కూడా తోడా? పోయిన స్నేహితుడి కోసం 3,550 మెట్లెక్కడానికి సిద్ధపడ్డ మనిషి, తన కోసం మంచం దిగి మందుల డబ్బా దాకా నడవలేకపోయాడు. "బ్రేకు బాగా పడుతోంది గదా అని మీ డిపోలో లైనింగులు పీకించేసేవాళ్లా?" అన్నాను. వచ్చాక అప్పుడే మొదటిసారి నవ్వారు.

మెట్లెక్కుతుంటే ఆరోగ్యవంతుడికే బీపీ పెరుగుతుంది. 180 దగ్గర బయల్దేరిన వాడికి రెండు వందలు దాటిపోతుంది. 60 దాటినవాళ్లు, బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లు కాలినడకన రావడం మంచిది కాదని దేవస్థానమే చెబుతోంది. అదే చెప్పాను. వినలేదు. పోనీ శ్రీవారిమెట్టు నుంచి వెళ్లండి, 2,388 మెట్లేనన్నాను. "వాడు మొక్కింది అలిపిరి సార్" అన్నారు. కండక్టరు కొట్టిన టికెట్టు మార్చే అధికారం డ్రైవరుకు లేదట!

సరే, ఆ మొక్కునే ఆయుధం చేసుకున్నాను. రోజూ మాత్ర. రోజూ నడక, కొన్నాళ్లయ్యాక రైల్వే వంతెన మెట్లు. బీపీ అదుపులోకొచ్చి, ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుంటేనే కొండ. ఒక్కరోజు మాత్ర తప్పినా నా అనుమతి రద్దు. బతికున్న రోజుల్లో ఒకరినొకరు చెడగొట్టుకున్న జంటలో పోయినవాడు ఉన్నవాణ్ణి బాగుచేశాడు. అంత బుద్ధిగా మందులు వాడిన పేషెంటును నేను ఎక్కువగా చూడలేదు. ఖాళీ షీట్లన్నీ తెచ్చి లెక్క అప్పజెప్పేవారు. బీపీ 130/80కి వచ్చింది, పరీక్షలు బాగున్నాయి. బయల్దేరే ముందు మళ్లీ పేచీ: దర్శనమయ్యేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టనన్నారు. నీళ్లు తాగినందుకు, మాత్ర మింగినందుకు అలిగే స్వామి కాదని నచ్చజెప్పేసరికి నాకే బీపీ వచ్చేలా ఉంది.

ఎక్కారు. గాలిగోపురం దాకా నిటారు మెట్లు. "స్టేజీ వచ్చినప్పుడల్లా ఆపాను సార్. వాడు 'రైట్ రైట్' అన్నట్టనిపిస్తేనే కదిలాను." తర్వాత దారి చాలామటుకు చదును, చివర్లో మోకాళ్ల పర్వతం. అక్కడ మాత్రం పట్టుకోవడానికి పక్కన భుజం లేదని గుర్తొచ్చిందట. ముడుపు హుండీలో వేస్తే చిల్లర చాలాసేపు మోగిందట.

ఈ కథ ఇక్కడితో ఆపితే బాగుండేది. లడ్డూ ఇవ్వడానికి వచ్చినప్పుడు బీపీ చూశాను. 160/100. మాత్ర మానలేదని ఖాళీ షీటు చూపించారు. మరేమిటని ఆరా తీస్తే, కొండ దిగొచ్చాక మోకాళ్లు సలుపుతుంటే మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకుని, అప్పట్నుంచీ పూటపూటా మింగుతున్నారట. బీపీని ఎగదోసేవీ అవే, కిడ్నీలను నిజంగా దెబ్బతీసేవీ అవే. కిడ్నీలు పోతాయని బీపీ మాత్రను అనుమానించే ఊళ్లో, ఆ నొప్పి మాత్రను మాత్రం ఎవరూ ఒక్క ప్రశ్న అడగరు! అవి మానిపించి, మోకాళ్లకు పైపూత రాసి, నోటికొచ్చినట్టు తిట్టాను.

ఆయన తల వంచుకుని అంతా విన్నారు. "మావాడు ఉండుంటే సగం తిట్లు వాడికి పోయేవి సార్" అన్నారు.

ఆయన వంతూ కలిపి ఈయనకే వడ్డించి, పదిరోజుల్లో మళ్లీ రమ్మని చీటీ మీద రాశాను.