ఉత్తరముల ఒడంబడిక

మానవజాతి యంతయు నేకకుటుంబమై మనుట సాధ్యమా యని చింతించినపుడెల్ల నా మనస్సు తపాలా బిళ్లమీదికి పోవుచుండును. పూర్వము దేశాంతరమునకు ఉత్తరము పంపవలెనన్న, అది దాటు రాజ్యములతో వేర్వేరు ఒడంబడికలును, వేర్వేరు రుసుములును, తూకములును నుండి, సామాన్యునకు ఆ భారము దుర్భరమై యుండెడిది. జర్మనీ తపాలాధిపతి హైన్రిఖ్ ఫాన్ స్టెఫాన్ ప్రేరణచే, 1874 అక్టోబరు 9న, 22 దేశములు పాల్గొన్న బెర్న్ మహాసభ, ఉత్తరముల మట్టునకు ఒప్పుకొన్న రాజ్యములన్నియు నొకే క్షేత్రమని నిర్ణయించి, తపాలా సంఘమును నెలకొల్పెను; పంపిన దేశము వసూలుచేసిన రుసుము దానిదే, అందుకొన్న దేశము మారుమాటాడక ఇంటింటికి చేర్చవలెను, ఏలయన ప్రతి యుత్తరమునకును ప్రత్యుత్తరము వచ్చి లెక్క దానంతట సరిపడునని వారి విశ్వాసము. ఎంత ఉదారమైన గణితము! అనుభవమున ఆ లెక్క సరిపడకపోగా, హెచ్చుగా అందుకొను దేశములకు పరిహారమీయవలెనని 1969లో ఆ సంఘపు టోక్యో మహాసభ తీర్మానించినది.

ఆ సంఘమున పెద్ద దేశమునకును చిన్న దేశమునకును ఒకటే వోటు. 1945లో వెలసిన ఐక్యరాజ్యసమితి భద్రతామండలియందన్ననో, ఐదు రాజ్యములకు శాశ్వతస్థానమును నిషేధాధికారమును గలవు; తక్కిన సభ్యులందరు కోరినను, వానిలో నొక్కటి వలదన్న తీర్మానము వీగిపోవును. ఉత్తరములయెడ సాధ్యమైన సమత్వము ఔషధములయెడ, ప్రాణరక్షణయెడ అసాధ్యమని నేను నమ్మజాలను. సామూహిక హత్యలు జరుగుచున్న సందర్భముననైనను ఆ యైదు రాజ్యములును తమ నిషేధాధికారమును స్వచ్ఛందముగా విడువవలెనని నా దృఢాభిలాష. అటుపిమ్మట, ఏ దేశపు శిశువునకైనను టీకా నిరాటంకముగా చేరునట్లు, బెర్న్ సంధివంటి సంధి యొకటి కావలెను.