నీడలంటే ఎందుకంత భయం?

వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసిన ఫ్రేములను ఒకే ఫొటోగా కలిపే హెచ్‌డీఆర్ అంటే మోసమేనని, ఒక్క క్లిక్కుతో తీసిందే అసలు ఫొటో అని వాదించేవాళ్లు గుస్తావ్ లె గ్రే తీసిన సముద్రాలను ఒకసారి చూడాలి. 1850ల్లో ఆ ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ వాడిన కొలోడియన్ ప్లేట్లు నీలికాంతికి మరీ ఎక్కువగా స్పందించేవి. నీళ్లు సరిగ్గా పడేలా తీస్తే ఆకాశం ఉత్త తెల్లగా తేలిపోయేది. అందుకే కొన్ని చిత్రాలకు ఆయన ఆకాశానికో నెగెటివ్, సముద్రానికో నెగెటివ్ తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద ముద్రించాడు. ఇప్పుడు మన ఫోన్లు అడక్కుండానే చేసిపెడుతున్న పని దాదాపు అదే. కన్ను మాత్రం గుడి మండపంలోని చీకటినీ బయటి ఎండనీ ఒక్క చూపులో పట్టుకుంటుందా? సర్దుకుంటూ, చూపు తిప్పుకుంటూ పోగుచేసుకుంటుంది.

మరి చాలా హెచ్‌డీఆర్ ఫొటోలు ఎబ్బెట్టుగా ఎందుకుంటాయంటారా? న్యాయమైన ప్రశ్నే. తప్పు ఎక్స్‌పోజర్లు కలపడంలో లేదు, ఆ తర్వాత చేసే టోన్ మ్యాపింగ్‌లో ఉంది. అంత వెలుగు తేడాను తెర చూపగలిగిన మేరకు కుదించేటప్పుడు, ప్రతి మూలా కనబడాలన్న యావతో స్లైడర్‌ను చివరిదాకా లాగితే నీడలు బూడిదరంగుకు తిరుగుతాయి, గోపురం అంచుల చుట్టూ తెల్లటి వలయాలు లేస్తాయి. రెండేసి స్టాప్‌ల వెలుగు తేడాతో మూడు ఫ్రేములు తీసుకున్నాక కూడా మండపం మూలను నల్లగానే వదిలేయొచ్చు, వివరం దొరికింది కదాని చూపించి తీరాలనేం లేదు.